పొదుగువాపుకు తొందరపడి సూది వద్దు

వానలు ముదిరాయి. కొట్టంలో నేల ఆరదు. పేడ, మూత్రం కలిసిన ఆ తడిలో పడుకున్న పశువుకు చన్ను రంధ్రం గుండా సూక్ష్మజీవులు పొదుగులోకి ఎక్కుతాయి. పాలలో పలుకులు కనబడగానే చాలామంది మందుల షాపుకు పోయి కిందటిసారి వాడిన యాంటీబయాటిక్కే తెచ్చి వేయిస్తున్నారు, వాపు తగ్గగానే ఆపేస్తున్నారు. కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. ఈసారి ఆ మందు పనిచేయదు.

మందు నాసిరకమని షాపువాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. పొదుగులో కోట్ల కొద్దీ పెరిగే బాక్టీరియాలో ఏ కొన్నింటికో జన్యువుల్లో మార్పు వచ్చి మందును తట్టుకునే గుణం అబ్బుతుంది. మందు పడ్డాక లొంగేవి చస్తాయి, మొండివి మిగిలి ఆ చోటంతా నిండుతాయి. పత్తిలో గులాబీ రంగు పురుగు బీటీకి లొంగకుండా పోయింది ఈ దారిలోనే. స్టాఫిలోకాకస్ రకాలు కొన్ని పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారు చేసుకుంటాయి. మరికొన్ని బాక్టీరియా లోపలికొచ్చిన మందును బయటికి తోడేస్తాయి. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకొకటి. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట ద్వారా ఒక బాక్టీరియా ఈ గుణాన్ని పక్కదానికి, వేరే జాతిదానికి కూడా ఇవ్వగలదు. పేడలో ఉన్న మొండితనం మన పిల్లల కడుపులోని సూక్ష్మజీవులకూ చేరొచ్చు. కోళ్లకు, చేపలకు, పాడి పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది ఈ భయంతోనే. వేరే మందులకు లొంగని జబ్బుల్లో మనుషులకు ఆఖరున వాడే మందు అది.

కాబట్టి సూది అవసరం రాకుండా చూసుకోవడమే ముందు పని. పాలు తీసే ముందు పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవండి, ఒక్కో పశువుకు వేరే గుడ్డ వాడండి. మొదటి ధారలు ముదురు రంగు గిన్నెలో తీస్తే పలుకులు ఇట్టే కనబడతాయి. పితికాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, మేత వేసి అర గంట నిలబడేలా చూడండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి ఆ సమయం కావాలి. జబ్బు పశువును అన్నిటికన్నా చివర పితకండి.

పొదుగువాపు అనుమానం వస్తే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. మందు వేయకముందే పాల నమూనా తీయిస్తే అందులోని బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో పరీక్షలో తెలుస్తుంది. డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు తప్పకుండా వేయించండి. ఇక గాలికుంటు, ముద్దచర్మం అయితే వైరస్ జబ్బులు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, పుండ్లు చీము పడితే వాడాలో లేదో డాక్టరే చెప్పాలి.

మందు వాడిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా పాల కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో వాడొద్దు, దూడకూ తాపొద్దు. తోడులోని బాక్టీరియాను కూడా మందు చంపుతుంది కాబట్టి ఆ పాలు సరిగా తోడుకోవు. పాలు పారబోయడం చిన్న రైతుకు బరువే, తెలుసు. అయినా ఆ పని చేయండి. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వమని ఏ షాపునూ అడగకండి.