పెద్ద క్యాసెట్‌కు ఏ డిరైలర్? ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: షిమానో జీఆర్‌ఎక్స్ 11 గేర్ల గ్రావెల్ బైకు. ముందు 40 పళ్ల చైన్‌రింగ్ ఒక్కటే, వెనక 11-34 క్యాసెట్ (11 నుంచి 34 పళ్ల దాకా ఉన్న చక్రాల గుత్తి). ఘాట్ రోడ్డు ఎక్కడానికి 11-42 వేయాలంటే క్యాసెట్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ముందుగా, ఈ మార్పుతో దక్కేదేమిటో చూడాలి. 40 మిల్లీమీటర్ల టైరున్న చక్రం ఒక చుట్టు తిరిగితే బైకు సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. ముందు 40, వెనక 34 పళ్లతో పెడల్ ఒక చుట్టుకు దాదాపు 2.6 మీటర్లు. అదే వెనక 42 ఉంటే 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కే మనిషి మొదటి దాంట్లో గంటకు 9 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి, రెండో దాంట్లో ఏడున్నరతో నెగ్గుకురావచ్చు. నిటారు మలుపులో సీటు మీదే కూర్చుని ఎక్కడమా, దిగి తోయడమా అన్నది ఈ తేడాలోనే తేలుతుంది. కాబట్టి కోరిక సమంజసమే.

అడ్డం వచ్చేది డిరైలర్, అంటే చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరో దాని మీదకు జరిపే భాగం. 2019లో వచ్చిన 11 గేర్ల జీఆర్‌ఎక్స్‌లో కేబుల్‌తో నడిచే వెనక డిరైలర్లు రెండు రకాలు. ఆర్‌ఎక్స్ 810 అన్నది 34 పళ్ల దాకా, ముఖ్యంగా ముందు రెండు చైన్‌రింగులున్న బైకులకు. ఆర్‌ఎక్స్ 812 అన్నది ముందు ఒకటే ఉన్న బైకులకు, 40 లేదా 42 పళ్ల పెద్ద చక్రానికి. చూపుకు కవలల్లా ఉంటాయి. వెనకవైపు ముద్రించిన అంకె చదవకుండా కొనకూడదు. రెండూ ఒకే షిఫ్టర్‌కు పలుకుతాయి కాబట్టి 810 తీసి 812 బిగిస్తే పాత షిఫ్టర్ అలాగే ఉండవచ్చు. చైను మాత్రం కొత్తది, పొడవైనది కావాలి. 11-42 క్యాసెట్ మౌంటెన్ బైకు వెడల్పుకు చేసినది. దాన్ని 11 గేర్ల రోడ్ హబ్ మీద ఎక్కించేటప్పుడు వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ పడాలి. అది మరిచిపోతే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ కదులుతూనే ఉంటుంది.

ప్రశ్న: 812 దొరకడం లేదు. షిమానో 11 గేర్ల మౌంటెన్ బైకు డిరైలర్ ఉంది. అదీ 11, ఇదీ 11. కలుస్తాయా?

జవాబు: కలవవు. గేర్ల సంఖ్య చూసి డిరైలర్ కొనడం ఈ రంగంలో అందరూ చేసే తప్పు. చూడాల్సింది కేబుల్ లెక్క. షిఫ్టర్ ఒక్క క్లిక్కుకు ఎంత కేబుల్ లాగుతుంది, ఆ కేబుల్‌కు డిరైలర్ ఎంత పక్కకు జరుగుతుంది అన్న రెండింటి గుణకారం క్యాసెట్‌లో చక్రానికీ చక్రానికీ మధ్య దూరంతో సరిపోవాలి.

షిమానో 11 గేర్ల రోడ్ షిఫ్టర్ క్లిక్కుకు సుమారు 2.7 మిల్లీమీటర్ల కేబుల్ లాగుతుంది. దాని జత డిరైలర్ ఒక మిల్లీమీటరు కేబుల్‌కు 1.4 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే క్లిక్కుకు 3.8 దాకా, కావాల్సినంత. మౌంటెన్ బైకు డిరైలర్ జరిగేది 1.1 మాత్రమే. అదే క్లిక్కుకు మూడు మిల్లీమీటర్లు కూడా రాదు. మొదటి గేరులో ముప్పావు మిల్లీమీటరు తక్కువ, రెండో దాంట్లో ఒకటిన్నర. ఐదో క్లిక్కు వచ్చేసరికి డిరైలర్ ఒక చక్రమంత వెనకబడి ఉంటుంది. ఏ స్క్రూ తిప్పినా ఇది సర్దుకోదు. ఇలాంటి జంటల కోసమే వుల్ఫ్ టూత్ కంపెనీ టాన్‌పాన్ అనే చిన్న కప్పీని చేసింది. కేబుల్ దాని మీదుగా వెళ్లి రోడ్ షిఫ్టర్ లాగిన కొలతను మౌంటెన్ డిరైలర్‌కు కావాల్సిన కొలతగా మారుస్తుంది. పని చేస్తుంది, కానీ 812 కోసం నాలుగు దుకాణాలు అడిగి చూశాకే దాని జోలికి వెళ్లడం మేలు.

పాత బైకుల వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. పాత షిమానో 10 గేర్ల రోడ్ షిఫ్టర్‌కు 9 గేర్ల మౌంటెన్ డిరైలర్ చక్కగా కుదురుతుంది, రెండింటి నిష్పత్తీ (మిల్లీమీటరు కేబుల్‌కు డిరైలర్ జరిగే దూరం) 1.7. టియాగ్రా 4700 మినహాయింపు. చెప్పుకోవడానికి అది 10 గేర్లదే, కేబుల్ లాగేది మాత్రం 11 గేర్ల వాటి లెక్కన. జీఆర్‌ఎక్స్ 10 గేర్ల డిరైలర్‌దీ అదే లెక్క, అందుకే అది కూడా 11 గేర్ల రోడ్ షిఫ్టర్‌తో నడుస్తుంది. స్రామ్ కంపెనీ లెక్క వేరు (రోడ్ రకాల్లో సుమారు 1.3). షిమానో షిఫ్టర్‌కు స్రామ్ డిరైలర్ తగిలించే ఆలోచన మానుకోవాలి.

ప్రశ్న: ముందు 46-30, వెనక 11-42 పెట్టి రెండు లాభాలూ పొందలేమా?

జవాబు: ఇక్కడ అడ్డు వచ్చేది కెపాసిటీ, అంటే డిరైలర్ ఎంత చైను వదులును లాగి పట్టగలదన్న కొలత. ముందు చైన్‌రింగుల తేడాకు వెనక చక్రాల తేడా కలపాలి. 46-30 తేడా 16, 11-34 తేడా 23, మొత్తం 39. ఆర్‌ఎక్స్ 810 కెపాసిటీ 40 కాబట్టి సరిపోతుంది. 11-42 అయితే 16, 31 కలిసి 47. ఆర్‌ఎక్స్ 812 కెపాసిటీ 31. చిన్న రింగు, చిన్న చక్రం మీదకు వచ్చేసరికి చైను ఉయ్యాలలా వేలాడుతుంది. ఆ గేరు వాడబోమని మాట ఇచ్చుకుని నడిపేవాళ్లున్నారు. అలసిన మనిషి ఘాట్ దిగుతూ ఏ గేరు వేస్తాడో ఎవరు చెప్పగలరు?

ముందు 30 ఉన్నప్పుడు వెనక 34 చాలు. 30/34 గేరు 40/42 కంటే తేలిక. ఈ లెక్క వేసుకోకుండా చాలామంది డబ్బు పోస్తారు.

ప్రశ్న: హ్యాంగర్‌కు (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే భాగానికి) పొడుగు ముక్క తగిలిస్తే ఏ డిరైలర్‌కైనా పెద్ద క్యాసెట్ పడుతుందని అంటారు. నిజమేనా?

జవాబు: సగం. రోడ్‌లింక్ లాంటి ముక్క డిరైలర్‌ను కిందికి దించి పెద్ద చక్రానికి చోటిస్తుంది, అంతే. కెపాసిటీ పెరగదు, కేబుల్ లెక్క మారదు.

ప్రశ్న: కేబుల్ లేని స్రామ్ ఏఎక్స్‌ఎస్ సెట్టులో ఈ బాధలు ఉండవా?

జవాబు: కేబుల్ బాధ ఉండదు. 12 గేర్ల రోడ్ ఏఎక్స్‌ఎస్ షిఫ్టర్ ఈగిల్ మౌంటెన్ డిరైలర్‌ను ఇబ్బంది లేకుండా నడుపుతుంది. దానితో 10-50 లేదా 10-52 క్యాసెట్ వేయవచ్చు. అయితే అప్పుడు చైను కూడా ఈగిల్‌దే కావాలి. 10-44 ఎక్స్‌పీఎల్‌ఆర్ క్యాసెట్‌కు మాత్రం ఫ్లాట్‌టాప్ చైను.

ప్రశ్న: అన్నీ సరైనవే వేసినా పెద్ద చక్రం మీదకు రాగానే గరగరమంటోంది. ఎందుకు?

జవాబు: బైకు వెనక కూర్చుని చూడాలి. డిరైలర్ పై పుల్లీ పెద్ద చక్రం పళ్లను తాకుతుంటే ఆ శబ్దమే వస్తుంది. బీ-టెన్షన్ స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే పుల్లీ కిందికి జరుగుతుంది. షిమానో రోడ్ డిరైలర్లలో ఐదారు మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. మరీ దూరం జరిపితే చిన్న చక్రాల మీద గేర్లు మందకొడిగా పడతాయి.

చైను పొడవు కూడా అప్పుడే చూసుకోవాలి. డిరైలర్ గుండా కాకుండా, ముందు పెద్ద రింగు, వెనక పెద్ద చక్రం చుట్టూ చైను వేసి, కలిసే చోటికి రెండు లింకులు కలపడం సాధారణ కొలత. ఒకే చైన్‌రింగ్ ఉన్న డిరైలర్లకు కంపెనీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. చైను పొట్టిదైతే పెద్ద చక్రం మీదకు ఎక్కిన క్షణంలో విరిగేది హ్యాంగర్. ఫ్రేము ఫ్రేముకూ హ్యాంగర్ వేరు, కొండ దారి ఊళ్లలో దొరకదు. తమ ఫ్రేముదే ఒకటి కొని సీటు కింద బ్యాగులో వేసుకుని బయలుదేరాలి.