గోడ మీద పేరు: గ్రాఫిటీ నేర్పే పాఠం



బస్టాండ్ గోడల మీద, గుట్ట మీది బండల మీద, చివరికి క్లాసులోని బెంచీల మీద కూడా పేర్లు రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. పిల్లలు అలా ఎందుకు రాస్తారు? "నేనూ ఉన్నాను, నన్ను గుర్తించండి" అని చెప్పడానికి. గ్రాఫిటీ కళ పుట్టింది కూడా ఆ కోరికతోనే.

1960ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డారిల్ మెక్‌క్రే అనే కుర్రాడు 'కార్న్‌బ్రెడ్' అనే మారుపేరును ఊరంతా రాశాడు. న్యూయార్క్‌లో ఇంకో కుర్రాడు తన ముద్దుపేరుకు వీధి నంబరు కలిపి 'టాకి 183' అని రాసేవాడు. ప్యాకెట్లు అందించే ఉద్యోగం కాబట్టి నగరమంతా తిరిగేవాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతని గురించి రాయడంతో ఎంతోమంది అదే బాట పట్టారు. మార్కర్ పోయి స్ప్రే డబ్బా వచ్చింది; చిన్న సంతకాలు రైలు పెట్టెల నిండా రంగుల అక్షరాలయ్యాయి. అబ్బాయిలదే అనుకున్న ఈ రంగంలోకి 1979లో లేడీ పింక్ అడుగుపెట్టింది.

అయితే అడగకుండా రాస్తే అది నేరమే. ఆ రైళ్లను శుభ్రం చేయడానికి న్యూయార్క్ ఏళ్ల తరబడి కష్టపడింది. మన దగ్గర కూడా బహిరంగ స్థలాలను పాడుచేయకుండా 1997 నాటి చట్టం ఉంది.

అడిగి వేస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో చూడవచ్చు. 2016లో ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తా బస్తీలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆధ్వర్యంలో చిత్రకారులు ఇళ్ల గోడలకు రంగులు వేశారు. వారిలో మన హైదరాబాద్ దంపతులు స్వాతి, విజయ్ కూడా ఉన్నారు. ఆ బొమ్మలు చూడటానికే జనం ఆ బస్తీకి వెళ్లడం మొదలుపెట్టారు.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. మన వాకిట్లో ముగ్గు కూడా దారిన పోయేవాళ్లందరూ చూసే బొమ్మే. కానీ వాకిలి మనది, పక్కింటివాళ్లది కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ నెల ఇంట్లో ఒక పని చేయండి. ఒక గోడకు పెద్ద చార్టు అంటించి, "ఇది నీ గోడ" అని మీ బాబుకో పాపకో చెప్పండి. పేరును తెలుగులో, ఇంగ్లిష్‌లో నచ్చిన రంగులతో, నచ్చిన ఆకారంలో రాయనివ్వండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: ఈ గోడ ఎవరిది? వాళ్లను అడిగామా? రేపు దీన్ని ఎవరు శుభ్రం చేయాలి?

గోడ పాడైందని కోప్పడితే పిల్లలు మనకు కనపడని చోట రాస్తారు. చోటు చూపిస్తే మన ముందే రాస్తారు.