ముక్కు ఆపరేషను తర్వాత

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒకామె ఒంటరిగా ఉంటుంది. ముక్కు దూలం వంకర. గాలి ఆడేది కాదు. ఆపరేషను చేయించుకుంది.

డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. ముక్కు చీదరాదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బరువులు ఎత్తరాదు. పొగ తగలరాదు.

కూలి పోయినా ఆమె 2 వారాలు మగ్గం గుంతలో దిగలేదు.

మరి రాత్రి రక్తం కారితే? పక్కింటామెకు ముందే చెప్పింది.

"అక్కా, గోడ తట్టితే రావాల."

"నీకాడే పండుకుంటాలే మే!"

రక్తం కారితే కూర్చుని తల ముందుకు వంచాలి. వెనక్కి వాల్చరాదు. నోటితో గాలి పీల్చాలి. 10 నిమిషాల్లో ఆగకుంటే 108కి ఫోను చేయాలి.

సాయం అడగడం చిన్నతనం కాదు.

ఆలోచించండి: మీ వీధిలో ఒంటరిగా ఎవరున్నారు?