తునికాకు మనది, లెక్క కూడా మనదే కావాలి: అటవీ హక్కులపై తరచూ అడిగే ప్రశ్నలు

మాది జనగామ జిల్లాలో తండా. షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. చట్టం మాకు పనిచేస్తుందా?

పనిచేస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా చెల్లుతుంది. లంబాడీలు తెలంగాణలో 1976 నుంచి ఎస్టీలు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ అడవిని నమ్ముకుని బతుకుతున్నట్టు చూపగలిగితే అర్జీ పెట్టుకోవచ్చు. పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) మాత్రం కొత్తగూడ, గంగారం వంటి షెడ్యూల్డ్ మండలాల ఊళ్లకే.

పోడు పట్టా చేతికొచ్చింది. ఇంకేం కావాలి?

అసలైనదే మిగిలింది. పట్టా మీ ఇద్దరు ఆలుమగలది, అడవి ఊరందరిది. ఉమ్మడి హక్కులకు ఫారం-బి, ఊరి అడవిని కాపాడుకునే హక్కుకు ఫారం-సి గ్రామసభ పేరిట పెట్టాలి. భూమి మీద ఉన్న పట్టుదల ఈ రెండు కాగితాల మీద కనబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తునికాకు, ఇప్పపువ్వు మేమే అమ్ముకోవచ్చా?

అమ్ముకోవచ్చు. భూపాలపల్లి జిల్లా పలిమెల, మహాముత్తారం వైపు ఎండాకాలం పొద్దు చూడండి. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోస్తారు. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని యాభై ఆకులకో కట్ట కడతారు. సాయంత్రానికల్లా కట్టలు కల్లానికి చేరాలి. ఇంత చేసినవాళ్లను కూలీలుగానే చూడటం అలవాటైపోయింది. చట్టం దృష్టిలో వాళ్లు సరుకుకు యజమానులు. సెక్షన్ 3(1)(సి) ఆ మాటే చెబుతుంది. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ సరుకుపై రాయల్టీ, రుసుము ఉండవు. రవాణా పర్మిట్ ఇచ్చేది కూడా గ్రామసభ కమిటీయే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మన జిల్లాల్లోనూ అది సాధ్యమే.

అటవీ హక్కుల కమిటీలో ఎవరుండాలి?

10 నుంచి 15 మంది. కనీసం మూడింట రెండు వంతులు ఎస్టీలు, కనీసం మూడో వంతు మహిళలు. హక్కుల తీర్మానం చేసే గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలుండాలి. ఆడవాళ్ల వేలిముద్రలు ఇంటికి పోయి వేయించుకొస్తే అది సభ కాదు. కట్ట కట్టిన చేతికే లెక్కల పుస్తకం కూడా అప్పగించండి.

మా దేవుడి గద్దె అడవిలో ఉంది. కాగితం ముక్క లేదు. ఎట్లా?

పెద్దల మాట కూడా సాక్ష్యమే. అర్జీదారులు కాని పెద్దలు చెప్పింది రాసి జతచేయవచ్చు. పూజా స్థలాలు, శ్మశానాలు, పాత బావులు కూడా ఆధారాలే. ఒకటి చాలదు, ఒకటికి మించి ఆధారాలు చూపాలి. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి పెనక వంశపు పూజారులు పగిడిద్దరాజును మేడారం జాతరకు కాలినడకన తీసుకుపోతారు. మీ ఊళ్లోనూ అలాంటి దారి ఉంటే ఎక్కడ ఆగుతారు, ఏ వాగు దాటుతారు, ఏ చెట్టుకు మొక్కుతారు అన్నది పూజారుల పక్కన కూర్చుని అడిగి పటం గీయండి. షెడ్యూల్డ్ గ్రామాల్లో ఆచారాలను కాపాడే అధికారం పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది.

అర్జీ కొట్టేస్తే?

కారణం రాతపూర్వకంగా తీసుకోండి. గ్రామసభ తీర్మానంపై అభ్యంతరముంటే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, అక్కడా కాకపోతే మరో 60 రోజుల్లో జిల్లా కమిటీకి పోవచ్చు. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు.