ఎన్నేళ్లు వస్తుందని అడిగి కొనండి

జీతం పడే ఖాతా, యూపీఐ, ఓటీపీలు, ఆఫీసు మెయిలు అన్నీ ఒక్క ఫోన్‌లోనే. అయినా షాపుకెళితే మనం అడిగేది కెమెరా సంగతి, ర్యామ్ సంగతి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా కౌంటర్లో కుర్రాడికి తెలియకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్లో మనమే చూసుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాల చిట్టాను గూగుల్ నెలనెలా ప్రకటిస్తుంది. అప్‌డేట్ అందిన ఫోన్‌లో ఆ కన్నం పూడుతుంది. అందని ఫోన్‌లో అలాగే ఉంటుంది. పైగా అదెక్కడుందో దొంగలకూ తెలిసిపోయి ఉంటుంది.

ఈ అప్‌డేట్ల గడువులో ఒక మెలిక ఉంది. కంపెనీ చెప్పే ఏళ్లు మోడల్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి లెక్క, మనం కొన్నప్పటి నుంచి కాదు. 2021లో వచ్చిన పిక్సెల్ 6కి గూగుల్ ఐదేళ్లు ఇస్తానంది. చవగ్గా దొరికిందని 2025 దసరాకి కొన్నవాళ్లకు మిగిలింది ఏడాదే. పిక్సెల్ 8కి, గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లు. అంత డబ్బు పెట్టలేమంటే 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్లు ఉన్నాయి. నన్నడిగితే, రెండేళ్ల అప్‌డేట్లతో వచ్చే భారీ కెమెరా ఫోన్ కన్నా ఇదే మేలు. ఐఫోన్ల విషయానికొస్తే, 2015 నాటి 6ఎస్‌కి 2024లోనూ సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది.

సెకండ్ హ్యాండ్ అయితే బిల్లు అడగండి. *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. దాన్ని ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో సరిచూస్తే ఫోన్ బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. డబ్బు చేతిలో పెట్టక ముందే ఈ పని అయిపోవాలి.

సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకోమంటే వర్క్ ప్రొఫైల్ ఇమ్మని ఐటీ వాళ్లను అడగండి. దాంతో ఆఫీసు యాప్‌లు వేరే గదిలో ఉంటాయి. మీ ఫొటోలు, వాట్సాప్ చాట్లు ఆఫీసు వాళ్లకు కనిపించవు. ఉద్యోగం మానేసిన రోజున వాళ్లు చెరిపేసేది ఆ గది వరకే.

ఎంత ఖరీదైన ఫోనైనా ఒకదాన్ని ఆపలేదు: ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును మనమే ఇన్‌స్టాల్ చేసి, ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతిచ్చేస్తే ఓటీపీలు నేరుగా అవతలివాడికే వెళతాయి. చలానా ఉందో లేదో పోలీసుల సైట్లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ సంగతి తెలియాలంటే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది పాతదై, కొత్తవి రావడం ఆగిపోయి ఉంటే, ముందు బ్యాంకు యాప్‌లను వేరే ఫోన్‌కి మార్చండి.