బండి స్టార్టు కాలేదా? ముందు స్పార్కు చూడండి

విద్యుదయస్కాంత ప్రేరణ పాఠాన్ని పదో తరగతిలో మనమందరం మార్కుల కోసమే బట్టీ పట్టాం. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ఆ సూత్రం మన ఇంటి ముందున్న మోటారు సైకిల్‌లో కూడా పనిచేస్తోంది. కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టినా బండి కదలనప్పుడు ఆ పాఠం అక్కరకొస్తుంది. నేను చెప్పేది కార్బురేటర్ ఉన్న పాత 100 సి.సి. బండ్ల గురించి.

ఇంజను తిరిగితే మాగ్నెట్ దగ్గరి కాయిల్‌లో విద్యుత్తు పుడుతుంది. అది సి.డి.ఐ. అనే చిన్న పెట్టెలోని కెపాసిటర్‌లో నిలువ ఉంటుంది. సరైన సమయానికి పల్సర్ కాయిల్ నుండి సంకేతం రాగానే ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ చుట్టలోకి ఒక్కసారిగా వెళుతుంది. సెకండరీలో చుట్లు చాలా ఎక్కువ కనుక వోల్టేజి వేలల్లోకి పెరిగి, ప్లగ్గు కొనల మధ్య ఒక మిల్లీమీటరు కూడా లేని ఖాళీలో నిప్పురవ్వగా దూకుతుంది. కొన్ని మోడళ్ళలో సి.డి.ఐ. బ్యాటరీతో నడుస్తుంది. వాటికి ముందు బ్యాటరీ చూసుకోవాలి.

ఇక పరీక్ష. ట్యాంకులో పెట్రోలు ఉందా, హ్యాండిల్ మీద ఆఫ్ స్విచ్చి ఉంటే అది సరిగా ఉందా చూడండి. నవ్వకండి, సగం బండ్లు ఇక్కడే స్టార్టు అవుతాయి! తరువాత ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊది, ప్లగ్ స్పానర్‌తో విప్పండి. ప్లగ్గు కొన పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు అందుతోంది, అనుమానం స్పార్కు మీదే. పొడిగా ఉంటే ముందు కార్బురేటర్ వైపు చూడాలి.

ఇప్పుడు జాగ్రత్త. ప్లగ్గు రంధ్రం తెరిచి కిక్కు కొడితే అందులోంచి పెట్రోలు ఆవిరి బయటకు చిమ్ముతుంది, రవ్వ తగిలితే అంటుకుంటుంది. అందుకే విప్పిన ప్లగ్గును మళ్ళీ బిగించేసి, పని చేస్తుందని తెలిసిన వేరే ప్లగ్గును క్యాపులో పెట్టండి. పెట్రోలు ట్యాపు కట్టేయండి. ఆ ప్లగ్గు మరల ఉన్న ఇనుప భాగం ఇంజను హెడ్డు లోహానికి గట్టిగా ఆనాలి. చేత్తో పట్టుకోవద్దు, తీగతో కట్టండి. బండి న్యూట్రల్‌లో ఉంచి, తాళం వేసి, నీడలో కిక్కు కొట్టండి. క్యాపును గాలిలో వేలాడదీసి మాత్రం ఎప్పుడూ కొట్టకూడదు. దారి దొరకని వోల్టేజి కాయిల్‌ను పాడు చేయవచ్చు.

నీలంగా, టప్ టప్‌మని రవ్వ వస్తే మంచిదే. సన్నగా, పసుపుగా వస్తే నమ్మవద్దు. సిలిండర్‌లో గాలి ఒత్తిడి ఎక్కువ, అక్కడ రవ్వ దూకడానికి బయటికంటే చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. బయట కనబడిన బలహీనమైన రవ్వ లోపల రాకపోవచ్చు.

అసలు రాకపోతే? చౌకైన దానితో మొదలుపెట్టాలి. క్యాపు విప్పి, తీగ కొసను అర సెంటీమీటరు కోసి మళ్ళీ బిగించి చూడండి. వానలో తడిసిన క్యాపులు తరచు ఇలా మొరాయిస్తాయి. మా నాన్న బండి మీద ఊరూరా తిరిగి స్టీలు సామాన్లు అమ్ముతారు. బండి ఆగితే ఆ రోజు ఇంట్లో డబ్బులు లేనట్టే. ఒకసారి సి.డి.ఐ. పోయిందని చెప్పి ఒక షాపులో కొత్తది వేశారు, తీరా చూస్తే లోపం క్యాపులో ఉంది. అందుకే సి.డి.ఐ. మాట చివరికి రావాలి. దానికి ముందు, మాగ్నెట్‌తో నడిచే సి.డి.ఐ. అయితే, స్విచ్చి నుండి వచ్చే తీగ ఎక్కడైనా ఒరిసి చట్రానికి తగులుతోందేమో చూడండి. ఆ బండ్లలో స్విచ్చి ఆఫ్ చేయడమంటే ఆ తీగను చట్రానికి కలపడమే!

2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధనలతో వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ ఉంది. వాటి మీద ఈ ప్రయోగం చేయవద్దు. మీటరులో ఇంజను గుర్తు లైటు ఆరకుండా వెలుగుతుంటే నేరుగా తెలిసిన మెకానిక్‌కు చూపించండి.