మున్సిపల్ నోటీసు చదవడం ఎలా?

(పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. రాజనీతి శాస్త్రం)

మన హాస్టల్ నోటీసు బోర్డు ముందు ఎప్పుడూ నలుగురైనా నిలబడి ఉంటారు. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు చివరి తేదీ ఎప్పుడు, ఎవరి బయోమెట్రిక్ పడలేదు, ఏ కాలేజీ వాళ్లు బోనఫైడ్ తేవాలి, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఒక్క తేదీ తప్పితే ఏడాది ఫీజు నెత్తిన పడుతుందని మొదటి సంవత్సరం అమ్మాయికి కూడా తెలుసు. అదే మనం సెలవులకు ఇంటికి వెళ్తే, మున్సిపల్ ఆఫీసు గోడ మీది కాగితం వైపు కన్నెత్తి చూడం. నిజానికి రెండూ ఒకే జాతి కాగితాలు. ఇక్కడిది మన ఒక్కరి చదువుకు సంబంధించింది. అక్కడిది మన ఇల్లు, వాడ, ఓటు అన్నింటికీ సంబంధించింది. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడం అడిగినప్పుడు నాకు ఈ విషయమే తోచింది.

చెల్లెళ్లారా, చట్టం దృష్టిలో నోటీసు అంటే మర్యాదకు పంపే కబురు కాదు. మన మీద ఒక నిర్ణయం తీసుకునే ముందు మన మాట వినాలి. వినాలంటే ముందు మనకు చెప్పాలి. ఆ చెప్పడమే నోటీసు. చెప్పాక గడువులోగా మనం నోరు విప్పకపోతే అభ్యంతరం లేనట్లే లెక్క. మనకు అందలేదంటే కూడా సులభంగా ఒప్పుకోరు. మనిషి దొరికితే చేతికిస్తారు, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు ఇస్తారు, ఎవరూ లేకపోతే తలుపుకు అంటించి పోతారు. అంటించినా అందినట్లే. తలుపుకు తాళం వేసి పనికి వలసపోయే ఇళ్లు మన వాడల్లోనే ఎక్కువ.

ఇక భాష సంగతి. పట్టణాల్లో కనిపించే నోటీసు ఇంచుమించు ఇలా ఉంటుంది: "ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, సదరు ముసాయిదాపై అభ్యంతరములు ఏవైననూ ఉన్నచో నిర్ణీత గడువులోగా లిఖితపూర్వకముగా దాఖలు చేయవలెను. గడువు మీరిన పిమ్మట వచ్చునవి పరిగణింపబడవు." ఇలాంటిదే ఒకటి నేను ఇంట్లో చదివి వినిపిస్తే అమ్మ, "ఇది మనకు చెప్తున్నరా, మన మీద చెప్తున్నరా?" అని అడిగింది. అంతకన్నా మంచి ప్రశ్న నాకు క్లాసులో కూడా ఎదురుకాలేదు.

ఈ మాటల్లో ముఖ్యమైనది ముసాయిదా. అంటే చిత్తుప్రతి. పెన్సిలుతో గీసిన గీత లాంటిది, ఇంకా చెరపవచ్చు. "తుది" అనే మాట వచ్చిందంటే అది సిరా. సదరు అంటే పైన చెప్పినది. దాఖలు అంటే ఊరికే ఇచ్చి రావడం కాదు, ఇచ్చినట్లు ఆఫీసు పుస్తకంలో ఎక్కడం. ఈ మూడూ ఉర్దూ మీదుగా మన కచేరీల్లోకి వచ్చిన మాటలే. లిఖితపూర్వకంగా అంటే నోటి మాట చెల్లదని. కౌన్సిలర్‌తో చెప్పాం, బిల్ కలెక్టర్ అన్నకు చెప్పాం అంటే కుదరదు. నేనైతే నోటీసును కింది నుంచి చదవడం మొదలుపెడతాను. ముందు తేదీ, తర్వాత సంతకం ఎవరిదో, ఆ తర్వాత ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది. జవాబు ఎవరికి, ఎప్పటిలోగా ఇవ్వాలో తెలిశాక మిగతా సంగతి నింపాదిగా చదువుకోవచ్చు.

నోటీసులన్నింటిలో ఎక్కువమందికి తగిలేది ఓటర్ల జాబితా ముసాయిదా. ఏటా జరిగే సవరణలో ఇది సాధారణంగా శీతాకాలానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. మా వాడలో ఇటుక బట్టీలకు పోయే కుటుంబాలు దసరా దాటాక బయలుదేరి ఎండాకాలం చివర్లో తిరిగి వస్తాయి. అంటే జాబితా గోడకెక్కే రోజుల్లోనే ఇంటికి తాళం పడుతుంది. తనిఖీకి వచ్చినవారు తాళం చూసి "నివాసం మారారు" అని రాసుకుంటే, ఓటు వేయడానికి ఛార్జీలు పెట్టుకొని వచ్చిన రోజున పేరు ఉండదు. మాకు దూరపు చుట్టం అయిన పెద్దమ్మకు సరిగ్గా ఇదే జరిగింది. కానీ చట్టం అలా చెప్పదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో, తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి కాకుండా పోరని స్పష్టంగా ఉంది. పనికి పోయి తిరిగి వచ్చేవారి పేరు తీసేయడానికి ఆ తాళం చాలదు. అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం, నివాసం లేదనే కారణంతో పేరు తొలగించే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ దారిలోనే తీర్పు చెప్పింది. ఒకసారి జాబితాలో పేరు ఎక్కిందంటే అధికారులు సరిచూసే ఎక్కించారని భావించాలి, తీసేయాలనుకుంటే ఎందుకో నోటీసులో చెప్పాలి అని. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ జరిగి, ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఎవరి పేర్లు, ఎందుకు పోయాయి అన్నది మాత్రం ముందు బయట పెట్టలేదు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ పేర్లను కారణాలతో సహా వెబ్‌సైట్లలో పెట్టాలని, బూత్‌ల వారీగా అచ్చు వేసి పంచాయతీ, బ్లాక్ ఆఫీసుల నోటీసు బోర్డులకు అంటించాలని ఆదేశించింది. అంత పెద్ద వ్యవహారం చివరికి ఊరి నోటీసు బోర్డు దగ్గరికే వచ్చిందన్నది గమనించండి. మన దగ్గర 2018 డిసెంబరు 7న అసెంబ్లీ పోలింగ్ రోజు ఎంతోమంది కార్డు చేతిలో పట్టుకొని వెళ్లి, పేరు లేక వెనక్కి వచ్చారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆ రోజు ఓటు తిరిగి రాలేదు. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు ఇక పేరు చేర్చరు.

ఫారాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కొత్తగా చేరడానికి ఫారం 6. ఒకరి పేరు ఉండకూడదని చెప్పడానికి ఫారం 7. తప్పుల దిద్దుబాటుకు, చిరునామా మార్పుకు ఫారం 8. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా అర్హత ఉంటుంది. 17 దాటినవాళ్లు ముందుగానే దరఖాస్తు ఇచ్చి ఉంచవచ్చు. అధికారి నిర్ణయం మీద 15 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో ప్రధాన ఎన్నికల అధికారికి. పెళ్లయ్యాక పుట్టింట్లో మన పేరు కొట్టేయడానికి ఎవరూ ఆలస్యం చేయరు, అత్తింట చేర్చడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ ఫారం 8 మన చేతులతో మనమే నింపుకోవాలి.

హాస్టల్లో ఉండేవాళ్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఏడాదికి తగ్గని గుర్తింపు పొందిన కోర్సు చదివే విద్యార్థి తన ఓటును తల్లిదండ్రుల దగ్గరైనా ఉంచుకోవచ్చు, హాస్టల్ చిరునామాకైనా పెట్టుకోవచ్చు. హాస్టల్ చిరునామాకు అయితే ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువపత్రం ఫారం 6కు జత చేయాలి. రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం నేరం. తప్పుడు డిక్లరేషన్‌కు ఏడాది వరకు జైలు శిక్ష కూడా ఉంది. ఏది మంచిదని అడిగితే, మూడేళ్లు ఇక్కడే ఉండేవాళ్లు ఇక్కడ పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మన గేటు ముందు లైటు వెలగక, మురికి కాలువ పొంగి, సాయంత్రం ఆరు దాటితే బయటికి రావడానికి భయపడే రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఓటు లేని వంద మంది చెప్పిన మాట కంటే ఓటున్న వంద మంది మాట కౌన్సిలర్‌కు త్వరగా వినిపిస్తుంది.

మున్సిపల్ ఎన్నికల్లో ఇంకో మెలిక ఉంది. ఆ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ జాబితా మాత్రం అసెంబ్లీ జాబితా నుంచే తీసి, వార్డుల వారీగా సర్దుతారు. పేరు వేరే వార్డులో పడితే మున్సిపల్ కమిషనర్‌కు రాయాలి. అసలు పేరే లేకపోతే కమిషనర్ ఏమీ చేయలేరు, అసెంబ్లీ జాబితా చూసే అధికారికి ఫారం 6 ఇవ్వాలి. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగి గడువు దాటించుకునేవాళ్లు చాలామంది.

వార్డుల హద్దుల ముసాయిదాను ఇంకా తక్కువమంది చదువుతారు. "ఉత్తరాన పలానా వీధి, తూర్పున పలానా కాలువ" అని రాసి ఉంటే అదేదో భూముల గొడవ అనుకుంటాం. ఆ కాలువ మన వాడ మధ్యలోంచి పోతే వాడ రెండు ముక్కలై రెండు వార్డుల్లో చేరుతుంది. రెండింటిలోనూ మన సంఖ్య తక్కువే అవుతుంది. రాజ్యాంగం 243టి అధికరణం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు సీట్లు జనాభా నిష్పత్తిలో కేటాయిస్తారు. కాబట్టి ఏ వార్డులో మనవాళ్లు ఎంతమంది అన్న లెక్క రిజర్వేషన్ మీద కూడా ప్రభావం చూపుతుంది. 2025 డిసెంబరులో హైదరాబాద్ మహానగర పాలక సంస్థను 300 వార్డులుగా విభజిస్తూ ముసాయిదా ఇచ్చినప్పుడు అభ్యంతరాలకు మొదట ఇచ్చినది వారం రోజులే. అయినా వేలల్లో వచ్చాయి. చిన్న పట్టణాల్లో ఆ వారం ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది.

అలా తెలియకుండా గడవడం ఎంత ఖరీదో మా ఊరు చూసింది. 2018 ఆగస్టులో తెలంగాణలో 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. చుట్టుపక్కల పంచాయతీలను వాటిలో కలిపారు. మాది అలా కలిసిన ఊరే. పట్టణం అయ్యామని కొందరు సంబరపడ్డారు. అప్పటి ఉపాధి హామీ చట్టం గ్రామాలకు మాత్రమే వర్తించేది. ఎండాకాలంలో గట్లు పోసే పని, చెరువు పూడిక తీసే పని ఒక్కసారిగా ఆగిపోయాయి. మా అమ్మ జాబ్ కార్డు ఇప్పటికీ రేషన్ కార్డుతో పాటు అదే కవర్లో ఉంది. అప్పుడు నేను పదో తరగతి. ఊరు కలుపుతున్నారని చాటింపు వేశారో లేదో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

పన్నులు, సేవల నోటీసుల్లో కూడా మనకు పనికొచ్చేవి ఉంటాయి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఒక పై అంతస్తు మించని ఇంటికి ఏడాది ఆస్తి పన్ను 100 రూపాయలే. డిమాండు నోటీసులో అంతకన్నా ఎక్కువ ఉంటే, కట్టే ముందే కొలత ఎంత రాశారో చూసి అభ్యంతరం రాయాలి. ఇంట్లో బిడ్డ పుట్టినా, ఎవరైనా పోయినా 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికీ, రేపు ఓటుకూ జనన ధ్రువపత్రమే ఆధారం. ఈ ఒక్క సంగతైనా వాడలో బాలింత ఉన్న ప్రతి ఇంటికీ చెప్పండి.

అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు. నోటీసు నంబరు, తేదీ పైన వేసి, మన పేరు, ఇంటి నంబరు, విషయం నాలుగు వాక్యాల్లో తెలుగులోనే రాయాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, ముట్టినట్లు సంతకం వేయించుకోవాలి. "తర్వాత రండి" అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. పెద్దమ్మ పేరు కోసం నేను రాసినప్పుడు రెండో ప్రతి మీద ముద్ర వేయడానికి గంటన్నర కూర్చోబెట్టారు. కూర్చున్నాను. మరుసటి జాబితాలో పేరు వచ్చింది.

నోటీసు అసలు ఎక్కడా అంటించకపోతే ఏం చేయాలని జూనియర్లు అడుగుతుంటారు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ప్రజలకు తెలియాల్సిన సమాచారాన్ని స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో అందరికీ చేరే పద్ధతిలో ఆఫీసులు తమంతట తామే బయట పెట్టాలి. పెట్టకపోతే ఆ చట్టం కిందే "నోటీసు ఏ తేదీన, ఎక్కడెక్కడ ప్రదర్శించారు?" అని అడగవచ్చు. మున్సిపల్ ఆఫీసులో రుసుము 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. ఈసారి గడువు వాళ్లది.